కిటికీ వైపు, గుమ్మం వైపు

చిరంజీవి గిలకకి,

అమ్మమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నా నడుము తప్ప అందరూ క్షేమం. నువ్వు క్షేమమా అని అడగను. నాలుగు పేజీల ఉత్తరంలో ఆ ముక్క ఒక్కచోట కూడా రాయలేదంటేనే తెలుస్తోంది.

ఉత్తరం మంగళవారం అందింది. ముందు మీ అమ్మ చదివింది, తర్వాత నేను చదివాను. ఆ తర్వాత మీ తాతయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివి, మడతలు చెడకుండా మడిచి బల్ల మీద పెట్టి, ఒక్క మాట అనకుండా తన వడ్రంగం షెడ్డులోకి వెళ్ళిపోయారు. ఎందుకు అనలేదో ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి నీకు తెలుస్తుంది. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే సగంలోనే "సరేలే అమ్మమ్మా, ఉంటాను" అనేస్తావు. కాగితం మీద నా మాటకి అడ్డం రాలేవు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

నువ్వడిగిన వాటికి జవాబులు చెబుతాను. మీ అమ్మ చెప్పిన "కాలిన చెయ్యి" పెద్ద విషయమేమీ కాదు. మణికట్టు మీద చిన్న బొబ్బ, ఎండిపోయింది కూడా. డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే, ఎలా కాలిందని అడుగుతాడు. అరవై ఆరేళ్ళ మనిషిని, బల్ల కింద వెల్లకిలా పడుకుని సోల్డరింగ్ చేస్తుంటే టంకం చుక్క పడిందని చెబితే, చేతికి కాకుండా తలకి మందు రాసిస్తాడు. నన్ను ఆ బల్ల కిందికి పోనివ్వకుండా నీచేత చెప్పించాలని మీ అమ్మ ఎత్తు వేసిందని నాకు తెలుసు. నువ్వు కూడా బుద్ధిగా "ఈ వయసులో నీకెందుకమ్మమ్మా ఇవన్నీ" అని రాశావు. ఎందుకంటే నాకిష్టం కాబట్టి. అంతకు మించిన కారణం ఎవరికీ చూపించను, నీకు కూడా.

ఇక మూడో పేజీలో అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి, "ట్రైనింగ్ మానేసి వచ్చేయనా అమ్మమ్మా?" రెండోది, "తాతయ్య నిన్ను ఉద్యోగం మాన్పించినప్పుడు నీకెలా అనిపించింది? ఎలా తట్టుకున్నావు?" రెండింటికీ జవాబు చెబుతాను. కానీ ముందు రైళ్ళ సంగతి చెప్పనివ్వు. అది చెబితే గానీ మిగతాది చెప్పే ధైర్యం నాకు రాదు.

నువ్వు ఆ ఎలక్ట్రికల్ ట్రైనింగుకి వెళ్ళేటప్పటికి మీ తాతయ్య ఆ చిన్న రైళ్ళ క్లబ్బుకి బల్లలు చేసిపెడుతున్నారు కదా. ఇప్పుడక్కడ లైబ్రరీ వెనక పొడుగాటి గదిలో ఇరవై ఎనిమిది అడుగుల బల్ల తయారైంది. దాని మీద స్టేషను, వంతెన, గూడ్సు షెడ్డు, ఒక కొండ, కొండలో సొరంగం. రెండు పట్టాల మధ్య నా బొటనవేలు పట్టదు, అంత చిన్నవి. వాటిని బొమ్మ రైళ్ళు అంటే అక్కడివాళ్ళకి రోషం వస్తుంది, నమూనా రైళ్ళు అనాలి. ఆయనకి తోడుగా వెళ్ళిన పాపానికి నాకు చెట్లు అంటగట్టారు. స్పాంజిని తుంచి, పచ్చరంగులో ముంచి, తీగకి గుచ్చి ఆరబెట్టడం. అలా నాలుగు వందల చెట్లు చేశాను. గోడ మీద సభ్యుల పట్టిక ఉంటుంది, ఒక్కొక్కరి పేరు పక్కన ఇంజన్లు, పట్టాలు, సిగ్నళ్ళు, వైరింగ్ అని. నా పేరు పక్కన చెట్లు అని రాశారు.

పోయిన నెల ఏమైందంటే, వైరింగ్ చూసే ఎలక్ట్రీషియన్‌కి వెన్ను పట్టేసింది. ఆరు వారాలు వంగకూడదన్నారట. ఊళ్ళోవాళ్ళని పిలిచి రైళ్ళు చూపించే రోజేమో మూడు వారాల్లో ఉంది. బల్ల మీద ఇరవై రెండు పాయింట్లు, ఒక్కదానికీ వైరు లేదు. పాయింట్ అంటే ఏమిటని అడిగావు కదా. ఒక దారి రెండుగా చీలే చోటు. అక్కడ సన్నటి పట్టాలు రెండు కదులుతాయి. అవి ఇటు జరిగితే రైలు ఇటు పోతుంది, అటు జరిగితే అటు. వాటిని జరపడానికి బల్ల అడుగున అగ్గిపెట్టంత మోటారు ఉంటుంది. దానికి మూడు వైర్లు, ఒకటి ఇటు లాగడానికి, ఒకటి అటు లాగడానికి, మూడోది రెండింటికీ ఉమ్మడి. మీట నొక్కి వెంటనే వదిలెయ్యాలి, నొక్కి పట్టుకుంటే మోటారు కాలిపోతుంది. అంతే. నీ చదువుకి ఇది ఒక పూట పాఠం.

"నేను చేస్తాను" అన్నాను.

క్లబ్బు కార్యదర్శి మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతుంటుంది. రైలు కదలాలన్నా ఊదుతాడు, టీ వచ్చిందన్నా ఊదుతాడు. ఆయన లేనప్పుడు అందరం ఆయన్ని విజిల్ అనే అంటాం. ఆ విజిల్ నవ్వాడు. "మీరా అమ్మగారూ? ఇది కరెంటు పనండీ. మీరు చెట్లు చూసుకోండి చాలు. కొండ వెనకాల ఇంకా బోసిగా ఉంది."

"కొండ వెనకాల ఎవరికీ కనపడదు కదండీ."

"అందుకేనండీ, తొందరేమీ లేదు. నిదానంగా చేసుకోవచ్చు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా ముక్కు మీద కోపం నీకు తెలుసుగా. ఆయన టీ ముగించేలోపు నేను బల్ల కింద ఉన్నాను. మీ తాతయ్య అడక్కుండానే పాత దుప్పటి ఒకటి కింద పరిచి, చెక్క కోసేటప్పుడు తను పెట్టుకునే అద్దాలు నా కళ్ళకి తగిలించారు. ఎలక్ట్రీషియన్ కుర్చీలోంచే "పోనీ ఒకటి చేయనివ్వండి, చూద్దాం" అన్నాడు. ఒకటి చేశాను. మీట నొక్కితే టిక్కుమని జరిగింది. ఇంకో మీట నొక్కితే టిక్కుమని వెనక్కి వచ్చింది. విజిల్ ఆ రోజుకి చెట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండు వారాలు, రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చేశాను. నలభై మూడేళ్ళ తర్వాత ముట్టుకున్నానన్న మాటే గానీ, నా వేళ్ళు నన్నడగకుండానే పని చేసుకుపోయాయి. వైరు తొడుగు ఒలవడం, పోగులు మెలివేయడం, ముందు మోటారు మీది రేకుని వేడిచేసి అప్పుడు టంకం తాకించడం. అది నీళ్ళలా పారి మెరిసిపోతుంటే పైకి చూస్తూ పడుకున్నాను. సంతోషం వేసింది గిలకా. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ప్రతి మోటారు వైర్లకీ చిన్న చీటీలు కట్టాను, ఇది ఎడమ, ఇది కుడి అని. ఆ చీటీలే నా కొంప ముంచాయి.

మొన్న శనివారం పొద్దున అన్ని రైళ్ళూ నడిపి చూశారు. సభ్యులు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు కలిపి పాతికమంది దాకా ఉన్నారు. మీటల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. విజిల్ ఊదగానే పాసింజరు బయల్దేరింది. ఒకటో పాయింటు నుంచి పదమూడోది దాకా వెన్నలా సాగింది. చప్పట్లు కూడా కొట్టారు. పద్నాలుగో దాని దగ్గర, ప్లాట్‌ఫారానికి రావాల్సిన బండి నేరుగా ఇంజన్ షెడ్డు మూసిన తలుపుల్ని గుద్దుకుంది. సరేనని గూడ్సుని వదిలారు. అది ఖాళీ లైను మీదికి పోకుండా, ఆగి ఉన్న ఎక్స్‌ప్రెస్ వెనక పెట్టెలకి తగిలి, రెండూ పక్కకి ఒరిగాయి. నేను మీట నొక్కిన వైపుకి సరిగ్గా ఎదురువైపుకి పోతున్నాయి. పద్నాలుగు నుంచి ఇరవై రెండు దాకా తొమ్మిదింటికి తొమ్మిదీ తిరగబడ్డాయి.

విజిల్ పొడుగ్గా ఊదాడు. ఊది, అందరికీ వినపడేలా అన్నాడు. "అందుకే చెట్లు చూసుకోండని చెప్పాను. ఎడమేదో కుడేదో తెలియనివాళ్ళు కూడా వైరింగ్ చేస్తామంటే ఇట్లాగే ఉంటుంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మగగొంతో ఆడగొంతో కూడా తెలియలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. సంచీ తీసుకున్నాను, చెప్పులు వేసుకున్నాను, బయటికి నడిచాను.

మీ తాతయ్య బయట మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నారు. లోపల జరిగింది అంతా వినపడే ఉంటుంది, తలుపు తీసే ఉంది. నా చేతిలో సంచీ చూశారు, ముఖం చూశారు. మూత మీది టీ చుక్క దులిపి, మామూలుగా మార్కెట్టు నుంచి ఏం తేవాలి అని అడిగినట్టు అడిగారు.

"ఇంట్లో ఏమని చెప్పమంటావు? ఈసారి కూడా నేనే వద్దన్నానని చెప్పనా?"

గిలకా, ఈ మాట దగ్గర ఆగు. నీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

మన ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఏమిటి? అమ్మమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో వైర్ల పని చేసేది, మహా పనిమంతురాలు, తాతయ్యకి నచ్చక మాన్పించేశారు. మీ అమ్మ ఆ కథ వింటూ పెరిగింది, నువ్వూ పెరిగావు. అది అబద్ధం. ఆయన నన్ను మాన్పించలేదు. ఎవరూ మాన్పించలేదు. నా అంతట నేనే పారిపోయి వచ్చాను.

అప్పుడు నాకు ఇరవై మూడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఆ హాల్లో మనిషెత్తు ఇనపచట్రాలు ఉండేవి. ముందు వైపు ఊళ్ళోంచి వచ్చే తీగలు, వెనక వైపు లోపలి మిషన్ల తీగలు. ఒకరోజు నన్ను వెనక వైపు పని చేయమన్నారు. కాగితం మీద నంబర్లు ముందు నుంచి చూసేవాళ్ళ కోసం వేసి ఉంటాయి. నేను వెనక నిలబడి నా ఎడమచేతి వైపు నుంచి ఒకటి, రెండు అనుకుంటూ పోయాను. ఇరవై కనెక్షన్ల వరస మొత్తం తిరగబడింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే దర్జీ ఎత్తాడు. దర్జీకి చేసినవాళ్ళకి డాక్టర్ ఎత్తి ఏం నొప్పి అని అడిగాడు. సూపర్‌వైజర్ హాల్లో అందరినీ పిలిచి చూపించి, "అద్దంలో చూసి జడ వేసుకున్నట్టు వేశావా అమ్మాయ్?" అన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. మర్నాటి నుంచి నా పేరు అద్దం. అద్దం వచ్చిందా, అద్దానికి టీ ఇచ్చారా, అద్దాన్ని ఈ పక్కకి రమ్మనండి. సరిచేయడానికి గంట కూడా పట్టని తప్పు అది. ఉద్యోగం తీసెయ్యలేదు, జీతం కొయ్యలేదు. నాలుగో రోజు నేనే కాలికి బుద్ధి చెప్పాను.

మీ తాతయ్య అప్పటికి ఏం చేశారో తెలుసా? పైవరస నాకు అందడం లేదంటే పనికట్టుకుని చెక్కపీట ఒకటి చేసి, భుజాన వేసుకుని ఎక్స్‌ఛేంజి దాకా మోసుకొచ్చి దింపి వెళ్ళారు. అటువంటి మనిషి. నేను మానేసిన వారానికి మా నాన్న వచ్చి, ఎందుకమ్మా మానేశావు అని నిలదీశాడు. జరిగింది చెప్పడానికి ముఖం చెల్లలేదు. "ఆయనకి ఇష్టం లేదు నాన్నా" అని నోటికొచ్చేసింది. పక్కగదిలో ఆయన ఉలి సానపడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. అంతే. ఆ రోజు గానీ, ఆ తర్వాత ఎప్పుడు గానీ ఎందుకలా చెప్పావని నన్నడగలేదు.

మా నాన్న పోయేదాకా అల్లుడితో సరిగ్గా మాట్లాడలేదు. మీ అమ్మ మొదటి ఉద్యోగానికి బయల్దేరిన రోజు, ఈయన జాగ్రత్తమ్మా అన్నందుకే, "అమ్మని కూర్చోబెట్టినట్టు నన్ను కూర్చోబెట్టలేవు నాన్నా" అని ముఖం మీదే అనేసింది. ఆయన "వెళ్ళి రా తల్లీ" అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేదు. మొదట్లో సిగ్గు అడ్డొచ్చింది, తర్వాత అలవాటైపోయింది. అసలు నిజం చెప్పనా, ఆ కథలో నేను బాగుండేదాన్ని. పనిమంతురాల్ని, మొగుడు రెక్కలు విరిచాడు పాపం అని అందరూ జాలిపడుతుంటే వినడానికి బాగుండేది. నువ్వు కూడా ఎన్నిసార్లు నా మెడ చుట్టూ చేతులు వేసి జాలిపడ్డావో గుర్తు తెచ్చుకో. ఆ జాలి నాది కాదు. తీసుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మెట్ల మీద ఆయన ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగారు. నేను ఊఁ అంటే ఇంకో నలభై మూడేళ్ళు మోయడానికి కూడా సిద్ధంగా ఉన్నట్టున్నారు. కొంతసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత సంచీ ఆయన పక్కన పెట్టి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళాను. విజిల్ పద్నాలుగో మోటారు విప్పించబోతున్నాడు.

"దాని మీద చెయ్యి వేయొద్దు" అన్నాను. "నా పని. నేనే చూస్తాను."

"జనం వెయిట్ చేస్తున్నారు అమ్మగారూ."

"చెయ్యనివ్వండి."

కిందికి దూరి పడుకోగానే అర్థమైంది. మొదటి పదమూడూ సొరంగం వైపు కాళ్ళు పెట్టి పడుకుని చేశాను. పద్నాలుగో దాని దగ్గర బల్లకాలు అడ్డొస్తే, చుట్టూ తిరిగి ఆ చివర్నుంచి దూరాను. అంటే తల సొరంగం వైపు. వెల్లకిలా పడుకున్న మనిషి అటుది ఇటు తిరిగితే, ఎడమచెయ్యి ఉన్నచోటికి కుడిచెయ్యి వస్తుంది కదా. చీటీల మీద నా చేతుల్ని నమ్మి ఎడమ, కుడి అని రాసుకున్నాను. ఎక్స్‌ఛేంజిలో చేసిన తప్పే, పడుకుని చేశాను. ఈసారి నవ్వు నాకే వచ్చింది.

తొమ్మిది మోటార్లకీ రెండేసి వైర్లు విప్పి అటుదిటు మార్చాను. చీటీలన్నీ తెంపి పారేశాను. కొత్తవి రాశాను, కిటికీ, గుమ్మం అని. ఆ గదికి పొడుగు గోడల్లో ఒకదానికి కిటికీ, ఎదురు గోడకి గుమ్మం. నేను ఎటు తల పెట్టి పడుకున్నా కిటికీ కిటికీ ఉన్నచోటే ఉంటుంది. పాయింటు కిటికీ వైపు జరగాలా, గుమ్మం వైపు జరగాలా, అంతే లెక్క. ఇరవై రెండింటికీ అలాగే మార్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో ఎలక్ట్రీషియన్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, వంగలేక వంగి, మెల్లిగా అన్నాడు. "నేనూ మొదట్లో ఇట్లాగే పెట్టానండీ. యార్డు మొత్తం తిరగబడింది. మర్నాడు అందరికంటే ముందొచ్చి మార్చేసుకున్నాను. ఎవరికీ తెలీదు."

"మరి ఇందాక ఆయన అన్ని మాటలంటుంటే ఆ ముక్క పైకి అనలేకపోయారా?"

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆయన్ని అనడానికి నాకేం మొహముందిలే అని నేనూ ఊరుకున్నాను.

బయటికొచ్చేసరికి సగంమంది ఇంకా ఉన్నారు. విజిల్ ఊదబోతుంటే చెయ్యెత్తి ఆపాను. జుట్టు నిండా దుమ్ము, అద్దాలు నుదుటి మీద. అలాగే నిలబడి అందరికీ చెప్పాను. "ఇందాకటి తప్పు నాది. పడుకునే వైపు మార్చాను, దాంతో ఎడమా కుడీ మారిపోయాయి. తొమ్మిది పాయింట్లు తిరగబడ్డాయి, సరిచేశాను. ఇప్పుడు ఊదండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇరవై ఒకటి చెప్పిన మాట విన్నాయి. ఇరవై రెండోది ఇంకా మొరాయిస్తోంది, పక్కన వేలితో తడితే గానీ కదలదు. దాని సంగతి ఈ వారం తేలుస్తాను. వెళ్ళేముందు గోడ మీది పట్టిక దగ్గరికి వెళ్ళి, నా పేరు పక్కన చెట్లు కొట్టేసి వైరింగ్ అని పెద్దక్షరాలతో రాశాను.

"మరి చెట్లెవరు చూస్తారండీ?" అన్నాడు విజిల్.

"మీరు చూసుకోండి. తొందరేమీ లేదు, కొండ వెనకాలేగా."

నిన్న ఆదివారం భోజనాల దగ్గర మీ అమ్మకి అంతా చెప్పాను. నీకు రాసినట్టే, ఏదీ దాచకుండా. మీ అమ్మ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. వాళ్ళ నాన్న వైపు తిరిగి, "ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అంది. ఆయనకి ఇలాంటివి చేతకావు. మంచినీళ్ళు ఇటివ్వమన్నారు. మీ అమ్మ గ్లాసు అందించి, ఆయన పక్క కుర్చీలోకి మారి కూర్చుని, అన్నం తినకుండా ఏడ్చింది. నాతో పొద్దున్నించీ ముభావంగానే ఉంది. ఉండనీ, ఆ హక్కు దానికుంది. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళూ పడతాను.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా మీ తాతయ్యకి చదివి వినిపించాను. పీట సంగతీ మెట్ల మీది మాటా కొట్టెయ్యమన్నారు, పిల్లకి ఇవన్నీ ఎందుకు అని. కొట్టెయ్యను. ఆయన మాట వినకపోవడం ఇదే మొదలు, కానీ ఇది వినను.

ఇక నీ మొదటి ప్రశ్న. కరెంటు కొలిచే చేతి మీటరుని తప్పు గుర్తు మీద పెట్టి కాల్చేశావు, మీ ట్రైనింగ్ మాస్టారు దాన్ని నీ బల్ల పైన గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు, ఆ రోజు నుంచి పని ఇవ్వకుండా నీచేత టార్చిలైటు పట్టిస్తున్నాడు. అతను పనికిమాలినవాడే, కాదనను. నా ముందు ఉంటే నాలుగు కడిగేదాన్ని. కానీ ఆ కాలిన మీటరు కింద ఒక చీటీ అతికించి తేదీ రాయి, ఆ పాఠం ఏ రోజు నేర్చుకున్నావో అందరికీ తెలియాలిగా. టార్చి పట్టుకోమంటే పట్టుకో. అయితే వాళ్ళకి కావాల్సిన చోట కాదు, నీకు చూడాలనున్న చోట వెలుతురు వెయ్యి. అరిస్తే అప్పుడు జరుపు. ఈలోపు చూడాల్సింది చూసేస్తావు. రోజూ పని అయ్యాక, ఇవాళ నాకు పని ఇవ్వండి అని అడుగు. ఇవ్వకపోతే రేపు మళ్ళీ అడుగు. అతనికి విసుగు రావాలి గానీ నీకు రాకూడదు.

అయినా సరే ఇక నావల్ల కాదు, వచ్చేస్తాను అంటావా, వచ్చెయ్. ఎవరం ఏమీ అనం. నీ గదిలో క్లబ్బు వాళ్ళ కొత్త యార్డు బల్ల పెట్టుకున్నాను, ఎనిమిది పాయింట్లకి వైర్లు వేయాలి, కాబట్టి హాల్లో పడుకోవాల్సి ఉంటుంది. ఒక్కటే షరతు. ఎందుకొచ్చేశావని ఎవరడిగినా "నేనే మానేశాను" అని చెప్పాలి. మాస్టారి వల్ల అనకూడదు. అమ్మ బెంగ పెట్టుకుంది అనకూడదు. అమ్మమ్మ కూడా ఇలాగే చేసింది అని నా పేరు అసలు ఎత్తకూడదు. తాతయ్య పేరు ఎత్తితే ఊరుకునేది లేదు. ఈ ఇంట్లో ఒకరి పారిపోవడాన్ని ఇంకొకరు మోసే రోజులు నిన్నటితో అయిపోయాయి.

"నేనే మానేశాను" అన్న ఆ రెండు ముక్కలూ నీవల్ల అవుతాయో లేదో, హాస్టల్ గది తలుపు వేసుకుని గట్టిగా ఒకసారి అని చూసుకో. నేను మొన్న మెట్ల మీద, మీ తాతయ్య ముందు నిలబడి అని చూద్దామనుకున్నాను. నేనే మానేశానని చెప్పండి, అని. మూడుసార్లు నోరు తెరిచాను. మాట రాలేదు. అందుకే లోపలికి వెళ్ళాను.

ఇట్లు,
నీ అమ్మమ్మ